పొదుపు సంఘాల పుట్టుక: తెలుగు పల్లెల్లో పేద స్త్రీల నాయకత్వం

సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకానికి అనుబంధంగా కేంద్ర ప్రభుత్వం 1982లో గ్రామీణ మహిళా శిశు అభివృద్ధి పథకాన్ని, అంటే పల్లెల్లో అందరూ డ్వాక్రా అని పిలిచే కార్యక్రమాన్ని ప్రారంభించింది. పది పదిహేను మంది పేద స్త్రీలను ఒక బృందంగా కూర్చి, 15,000 రూపాయల తిరుగు నిధి ఇచ్చి, ఏదైనా ఒక పని నేర్పితే వారి ఆదాయం దానంతట అదే పెరుగుతుందని నాటి అధికారులు భావించారు. తిరుగు నిధి అంటే ఒకరు వాడుకొని చెల్లించాక మరొకరికి అందే ఉమ్మడి పెట్టుబడి. మొదటి పదేళ్లలో ఈ ప్రయత్నం ఆంధ్రప్రదేశ్‌లో సాధించింది తక్కువే. బృందాన్ని కూర్చేది ఉద్యోగులు, పేర్లు రాసేది వారే, నాయకురాలిగా సాధారణంగా నిలబడేది ఊరి పెద్దల మాట చెల్లే ఇంటి స్త్రీ. నిధి చేతికందేదాకా నిలిచిన ఐకమత్యం అది ఖర్చయ్యాక మిగిలేది కాదు. 1990ల చివరికి అదే పథకం పేరు మీద లక్షల సంఘాలు లేచి నిలిచాయంటే, ఆ మార్పుకు బీజం పథకానికి బయట పడింది.

నెల్లూరు జిల్లాలో 1990-91 ప్రాంతంలో అక్షర జ్యోతి పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. 1988లో ఏర్పడిన జాతీయ అక్షరాస్యతా మిషన్‌లో భాగమైన ఈ ఉద్యమంలో జిల్లా యంత్రాంగమూ, స్వచ్ఛంద కార్యకర్తలూ కలిసి రాత్రిపూట కేంద్రాలు నడిపారు. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన స్త్రీలు పలకలు పట్టుకుని కూర్చునే ఈ కేంద్రాలలో చదువుకన్నా ముందు జరిగింది వారు ఒకచోట చేరడం. అంతకుముందు వేరువేరు కులాల వాడల స్త్రీలు వారంలో ఇన్ని రాత్రులు ఒకే దీపం కింద కూర్చుని ఇంటి సంగతులు చెప్పుకునే ఏర్పాటు సాధారణంగా పల్లెల్లో లేదు. వాచకంలో ఉంచిన పాఠాలలో కొన్ని సారా వల్ల కుటుంబాలు పడే పాట్ల గురించీ, ఆడవాళ్లు ఏకమైతే ఏమి చేయగలరన్నదాని గురించీ ఉన్నాయి. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చే విధానం తెచ్చాక, మగవారి కూలిలో చాలా భాగం ఇల్లు చేరకముందే దుకాణంలో ఖర్చయ్యేది గనుక, ఆ పాఠం చదివిన స్త్రీలకు అది ఎవరి కథో ప్రత్యేకంగా వివరించవలసిన అవసరం కలగలేదు.

కలిగిరి మండలంలోని దూబగుంట గ్రామ స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించడంతో మొదలైన కదలిక 1992లో జిల్లా అంతటా అలుముకుంది. వర్ధినేని రోశమ్మ, తర్వాత అందరికీ దూబగుంట రోశమ్మగా తెలిసిన స్త్రీ, ఈ పోరాటానికి ముఖంగా నిలిచారు. అయితే ఆమెను ఎవరూ నియమించలేదు, ఆమె వెనుక ఏ పార్టీ నిర్మాణమూ లేదు. సారా అమ్మే హక్కును ఏటా వేలం వేయడం నాటి పద్ధతి. జిల్లా కేంద్రంలో జరిగే ఆ వేలాన్ని వేలాది మంది స్త్రీలు వచ్చి అడ్డుకోవడంతో అది మళ్లీ మళ్లీ వాయిదా పడింది. చివరికి ముందు నెల్లూరు జిల్లాలోనూ, ఆ తర్వాత 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం అమలు చేయడానికీ ఈ ఉద్యమమే కారణం. చరిత్రకారులు సాధారణంగా ఇక్కడితో ఆగుతారు. పేదరిక నిర్మూలన చరిత్రకు సంబంధించినంతవరకు అసలు ప్రశ్న ఆ తర్వాత వచ్చింది: సారాకు పోని డబ్బు ఎక్కడికి పోవాలి?

దీనికి జవాబుగా నెల్లూరు జిల్లాలో వచ్చిన కార్యక్రమమే పొదుపులక్ష్మి. సభ్యురాలు రోజుకు ఒక రూపాయి, అంటే నెలకు 30 రూపాయలు దాచాలన్నది నియమం. మొత్తం చిన్నదే అయినా క్రమం తలకిందులైంది. డ్వాక్రాలో మొదట సర్కారు డబ్బు, తర్వాత సంఘం. పొదుపులక్ష్మిలో మొదట సంఘం, అందులో సభ్యుల సొంత డబ్బు, ఆపైన బయటి సాయం. తన 30 రూపాయలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుసుకోవలసిన అవసరం ప్రతి సభ్యురాలికీ కలిగినప్పుడు, నాయకురాలిని నిలదీసే హక్కు కూడా ఆమెకు సహజంగానే వచ్చింది. ఈ వరసనే తర్వాత రాష్ట్రమంతటా డ్వాక్రా సంఘాలకు అన్వయించారు. సరిగ్గా అదే 1992లో సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే ప్రయోగాన్ని జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) 500 సంఘాలతో మొదలుపెట్టడం కలిసివచ్చింది.

తెలంగాణలో దారి కొంత వేరు. వరంగల్, కరీంనగర్ జిల్లాలలో సహకార అభివృద్ధి సంస్థ, స్థానికంగా సహవికాస, స్త్రీల పొదుపు సహకార సంఘాలను 1990 నుంచి నిలబెట్టింది. 1956లో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం అక్కడ అప్పటికే ఒక నమూనాగా ఉంది. 1964 నాటి సహకార చట్టం కింద పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉండగా, 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘాలకు తమ పాలన తామే చేసుకునే స్వేచ్ఛనిచ్చింది. ‘మ్యాక్స్’ అనే పొట్టి పేరుతో వ్యవహరించే ఈ చట్టం మీద రావలసినంత చర్చ రాలేదనే చెప్పాలి. పల్లె స్త్రీల సమాఖ్యలకు చట్టబద్ధమైన గూడు దొరికింది దీనివల్లనే.

మూడో పాయ మరీ దూరం నుంచి వచ్చింది. ఆగ్రాలో 1914లో పుట్టిన అఖ్తర్ హమీద్ ఖాన్ ఐసీఎస్ అధికారిగా బెంగాల్ కరువును దగ్గరగా చూసి, ఉద్యోగం వదిలి, కొంతకాలం అలీగఢ్ దగ్గర కూలీగా, తాళాలు చేసేవారి వద్ద పనివాడిగా బతికి, 1959లో నాటి తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లాలో గ్రామీణాభివృద్ధి అకాడమీని నెలకొల్పారు. రైతులు ఊరి స్థాయిలో చిన్న సంఘంగా చేరి, ప్రతివారం కూడి, ఎంతోకొంత దాచి, తమలో ఒకరిని ఎంచి ఠాణా (కొన్ని ఊళ్లు కలిసిన పాలనా విభాగం) కేంద్రానికి శిక్షణకు పంపితే, ఆ వ్యక్తి తిరిగి వచ్చి నేర్చుకున్నది ఊరికి చెప్పాలన్నది అక్కడి పద్ధతి. ఊరి సంఘాలన్నీ కలిసి పై స్థాయిలో సమాఖ్యగా ఏర్పడేవి. కాలక్రమంలో కొమిల్లా సంఘాలు పెద్ద రైతుల చేతికి చిక్కాయి. ఆ అనుభవం తెలిసిన షోయబ్ సుల్తాన్ ఖాన్, అఖ్తర్ హమీద్ ఖాన్‌ను గురువుగా భావించినవారు, 1982లో గిల్గిత్ కొండ ప్రాంతంలో ఆగా ఖాన్ గ్రామీణ సహాయ కార్యక్రమానికి సారథ్యం వహించి, సంఘటన, పొదుపు, నైపుణ్యం అనే మూడు మెట్ల మీద పని నడిపారు. పేదవారిలో తమ బతుకును మార్చుకోగల శక్తి ఇప్పటికే ఉందనీ, దాన్ని వెలికితీయడానికి వారిలోంచే నిజాయితీ గల ఒక కార్యకర్త దొరకాలనీ ఆయన నమ్మకం. సార్క్ దేశాలు నియమించిన పేదరిక నిర్మూలన కమిషన్ 1992లో ఇదే దారిని సూచించాక, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆయన్ను సలహాదారుగా పెట్టుకుని దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని ఆరు దేశాలలో మొదలుపెట్టింది. భారతదేశంలో అందుకు ఎంపికైనవి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలు, అంటే రాష్ట్రంలో కరువుకూ వలసకూ పేరుపడ్డ మూడు ప్రాంతాలు. పాకిస్తాన్ కొండల్లో పరీక్షకు నిలిచిన పద్ధతి రాయలసీమ మెట్ట పొలాలలో నాటుకోవడం, రెండు దేశాల మధ్య ఉన్న సంబంధాలను బట్టి చూస్తే, ఎవరూ ముందుగా ఊహించగలిగినది కాదు.

ఈ మూడు పాయలూ కలిసిన చోటుగా కర్నూలు జిల్లా ఓర్వకల్లును చెప్పవచ్చు. అక్కడి సమాఖ్య పేరు ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం. నెల్లూరు నుంచి వచ్చిన పేరు, గిల్గిత్ నుంచి వచ్చిన నిర్మాణం, 1995 చట్టం ఇచ్చిన హోదా అందులో ఒకదానికొకటి తోడయ్యాయి. పది పదిహేను మంది సభ్యుల సంఘం అడుగున, ఊరి సంఘాలన్నిటికీ కలిపి గ్రామైక్య సంఘం లేదా గ్రామ సమాఖ్య నడుమ, ఆపైన మండల సమాఖ్య: ఈ మూడంచెల ఏర్పాటులో అడుగు సంఘం ఇద్దరు లీడర్లను పైకి పంపుతుంది. ఓర్వకల్లు సమాఖ్య కేవలం అప్పులిచ్చే సంస్థగా ఆగిపోకుండా బాలభారతి అనే బడిని నెలకొల్పి నడపడం గమనించదగిన విషయం.

నాయకత్వం అనే మాటకు ఇక్కడ వచ్చిన అర్థం ఉపన్యాసాలకు చెందినది కాదు. సమావేశం తేదీ గుర్తుంచుకుని సభ్యులను పిలవడం, వచ్చిన పొదుపు అందరి ముందూ లెక్కపెట్టడం, ఎవరికి అప్పు ముందు ఇవ్వాలో వాదించి తీర్మానం రాయించడం, కిస్తీ కట్టలేని సభ్యురాలి ఇంటికి వెళ్లి కారణం తెలుసుకోవడం, బ్యాంకు మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడటం అనే పనుల్లోంచి అది ఏర్పడింది. తర్వాతికాలంలో ‘పంచసూత్రాలు’గా పేరొందిన నియమాలు, అంటే క్రమం తప్పని సమావేశం, పొదుపు, సంఘం లోపలి అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ, ఈ అలవాట్లకే పెట్టిన పేరు. అక్షరం రాని లీడర్లు లెక్కల కోసం ఊరి చదువుకున్న అమ్మాయిని యానిమేటరుగా పెట్టుకోవడం, ఆ పుస్తకాలు పట్టినవారి చేతికే కొన్నిచోట్ల అధికారం జారిపోవడం కూడా ఈ చరిత్రలో భాగమే. పేదలు తప్ప ఇతరులు ఉండరాదనే నియమం ఎంత కఠినంగా పాటించారో అంతమేరకు దళిత స్త్రీలు మండల స్థాయి పదవులకు రాగలిగారు. ఆ నియమం సడలిన ఊళ్లలో పాత పెద్దరికమే కొత్త చీర కట్టుకుని వచ్చింది.

ఈ అనుభవాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించడానికి 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు ప్రాజెక్టు మొదట ఆరు జిల్లాల్లో, 2003 నుంచి మిగతా గ్రామీణ జిల్లాల్లో నడిచి, 2005లో ఇందిర క్రాంతి పథం అయింది. ఊరివారే కూర్చుని ఎవరు నిరుపేదలో, ఎవరు పేదలో తేల్చే పద్ధతి, హోల్‌సేల్‌గా బియ్యం కొని కూలి దొరకని నెలల్లో సభ్యులకు వాయిదాల మీద ఇచ్చే బియ్యం అప్పు వంటి ఏర్పాట్లు ఈ కాలపు మంచి ఫలితాలు. బ్యాంకు అప్పు మీద వడ్డీ భారాన్ని తగ్గించే పావలా వడ్డీ 2004లో వచ్చాక అప్పుల మొత్తం వేగంగా పెరిగింది. సంఘం ఎన్ని లక్షల అప్పు తెచ్చిందన్నదే దాని ఘనతకు కొలమానంగా మారి, మినిట్స్ పుస్తకంలో చర్చలు తగ్గి కిస్తీల పట్టికలు మిగిలాయి.

అదే సమయంలో సూక్ష్మరుణ సంస్థలు, అంటే చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సంస్థలు, అవే పల్లెల్లో, అవే స్త్రీలను అయిదారుగురి గుంపులుగా కూర్చి వారం వారం వసూళ్లు మొదలుపెట్టాయి. చూడటానికి ఇదీ సంఘమే అయినా సభ్యుల సొంత పొదుపు అందులో లేదు, ఎవరికి ఎంత ఇవ్వాలనే తీర్మానం వారిది కాదు, పక్క స్త్రీ బాకీకి పూచీ మాత్రమే వారిది. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు ఆ సంస్థలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, వారపు వాయిదాల స్థానంలో నెలవారీ వాయిదాలు పెట్టి, వసూళ్లను బహిరంగ స్థలానికి పరిమితం చేసింది. పొదుపు సంఘాల సభ్యులే ఈ సంస్థల దగ్గరా అప్పుపడ్డారన్న సంగతి, సంఘాల అప్పు వారి అవసరానికి సకాలంలో అందడం లేదన్న నిజాన్ని బయటపెట్టింది. సభ్యులకు సకాలంలో అప్పు అందించే స్త్రీనిధి సంస్థ మండల సమాఖ్యల వాటాతో 2011లో పుట్టింది అందుకే.

రాజకీయాల సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1997లో జన్మభూమి కార్యక్రమం సంఘాలను ఊరూరా పెంచుతున్న కాలంలోనే ప్రభుత్వం మద్య నిషేధాన్ని ఎత్తివేసింది. సారా పోరాటంలో పుట్టిన శక్తి ఆ నిర్ణయాన్ని ఆపలేకపోయింది. తర్వాతి ఎన్నికల్లో పార్టీలు సంఘాల అప్పుల మాఫీనో, సభ్యుల ఖాతాల్లో నగదునో హామీ ఇచ్చాయి. సభలకు జనాన్ని తెచ్చే బాధ్యత లీడర్ల మీద పడింది.

బయటి రాష్ట్రాల్లో మాత్రం తెలుగు స్త్రీల అనుభవానికి వేరే విలువ దక్కింది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు, సముదాయ వనరుల వ్యక్తులుగా వ్యవహరించే అనుభవజ్ఞులైన సంఘ సభ్యులు హిందీ రాని స్థితిలోనే బిహార్ వంటి రాష్ట్రాల పల్లెలకు వెళ్లి, అక్కడే మకాం వేసి, పొదుపు లెక్కపెట్టడం, తీర్మానం రాయడం నేర్పారు. బిహార్‌లో 2007లో మొదలైన జీవిక కార్యక్రమపు సంఘాల స్త్రీలు 2015 జులైలో పట్నాలో ముఖ్యమంత్రి నీతీశ్ కుమార్ ఎదుట మద్య నిషేధం కోరారు. అధికారంలోకి తిరిగి వచ్చిన ఆయన 2016 ఏప్రిల్‌లో దాన్ని అమలు చేశారు.