శిశు కాలేయ కణితుల చిత్రణ: మారిన ప్రశ్న

పసిపిల్లల కాలేయంలో ఎక్కువగా కనిపించే ప్రాణాంతక కణితి హెపటోబ్లాస్టోమా. దీని చిత్రణ చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానే రాస్తుంటారు. 1971లో లండన్‌లో తొలి రోగికి సి.టి. స్కాన్ తీయడం, 1979లో హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు నోబెల్ దక్కడం అందులో తప్పనిసరి ఘట్టాలు. అసలు మలుపు 1990లో ఐరోపాలో ఆరంభమైన సియోపెల్ అధ్యయనంతో వచ్చిందని నా అభిప్రాయం. కాలేయాన్ని నాలుగు భాగాలుగా విభజించి, చికిత్సకు ముందే కణితి సోకని భాగాలు పక్కపక్కన ఎన్ని ఉన్నాయో లెక్కించే ‘ప్రీటెక్స్ట్’ విధానాన్ని అది ప్రవేశపెట్టింది. ‘కణితి ఉందా?’ అన్న ప్రశ్న స్థానంలో ‘బిడ్డకు ఎంత కాలేయం మిగులుతుంది?’ అన్నది వచ్చి నిలిచింది.

పద్ధతులను పోల్చవలసింది ఈ రెండు ప్రశ్నల వెలుగులోనే. మొదటిదానికి అల్ట్రాసౌండ్ చాలావరకు సరిపోతుంది. దానికి రేడియేషన్ లేదు, మత్తు అక్కరలేదు. పరీక్షించేవారి నైపుణ్యాన్ని బట్టి ఫలితం మారడం దాని పరిమితి. రెండోదానికి సరిహద్దులు, రక్తనాళాలు స్పష్టంగా తెలియాలి. సి.టి. వాటిని క్షణాల్లో చూపుతుంది. కానీ బాల్యంలో సి.టి. తీయించుకొన్నవారిలో తరువాత రక్త, మెదడు క్యాన్సర్ల ముప్పు కొంత పెరుగుతుందని 2012లో బ్రిటన్ అధ్యయనం సూచించాక వైద్యులు ఎం.ఆర్.ఐ. వైపు మొగ్గారు. కాలేయ కణాలు పీల్చుకొనే కాంట్రాస్ట్ మందుతో అది చిన్న ఉపకణితులను కూడా పట్టగలదు. అయితే పరీక్ష దీర్ఘం. పసిబిడ్డకు తరచు మత్తు ఇవ్వాలి. పైగా ఈ కణితి మొదట పాకేది ఊపిరితిత్తులకు. కాలేయానికి ఎం.ఆర్.ఐ. ఎంచుకొన్నా, ఛాతీకి సి.టి. నేటికీ తప్పడం లేదు.