పటిక పట్టిన రంగు

గద్వాల, గట్టు ప్రాంతములందు చీరలు నేయువారికి ఒక సంగతి నిత్యానుభవము. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఒకే తొట్టిలో ముంచినను ఆ రెండును ఒక్క తీరున రంగు పట్టవు. నేడు నేను చెప్పబోవు శాస్త్రచరిత్ర ఈ భేదముమీదనే నిలిచియున్నది.

జొన్నదంటును మంగలికత్తితో వెలుతురు పారునంత పలుచగా కోసి సూక్ష్మదర్శిని క్రింద చూడుడు. గాజుమీద గాజు పెట్టినట్లుండును. 1665లో రాబర్టు హుక్కు చెట్టుబెరడులో చిన్న గదులను చూచి వానికి పేరు పెట్టెను గాని, ఏ గోడ దేనితో కట్టబడినదో వట్టి కన్ను చెప్పజాలదు. అందులకు రంగు కావలెను.

మధ్య అమెరికాలోని ఒక చెట్టు చేవనుండి తీయు హెమటాక్సిలినును 1863లో వాల్డయరను పండితుడు వాడి చూచెను. అంతగా ఫలింపలేదు. 1865లో బోమరు దానికి పటిక చేర్చెను, రంగు పట్టెను. ఇది చదివినపుడు నాకు నవ్వు వచ్చినది. మచిలీపట్టణపు అద్దకమువారు అంతకు ఎంతో పూర్వమే బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి, పటికనీటితో పువ్వులు వ్రాసి, చిరివేరుతో కాచుచుండిరి. పటిక తగిలిన చోటనే ఎరుపు నిలుచును. తక్కినది ఉతుకులో పోవును. పటిక ఒక చేత నూలును, ఒక చేత రంగును పట్టుకొను మధ్యవర్తి. ఐరోపా రంగరేజులకును ఇది తెలిసినదే. పండితులు వారిని అడుగలేదు కాబోలు!

1856లో పదునెనిమిదేండ్ల పెర్కిను క్వినైను చేయబోయి ఊదారంగు చేసెను. పిమ్మట తారునుండి రంగులు వెల్లువలైనవి. 1868 తరువాత మంజిష్ఠలోని ఎరుపును, 1897 నాటికి నీలిని కర్మాగారములకు దక్కించుకొనిరి. చిరివేరు త్రవ్వువారికిని, నీలి పండించు రైతులకును జీవనము చెరచినవి ఆ రంగులే. శాస్త్రమునకు చూపు నిచ్చినవియు అవియే. ఒకటి చెప్పి రెండవది దాచుట నాకు న్యాయముగా తోచదు.

సఫ్రానిను అట్టి తారురంగు. ముందు దానితోను, పిమ్మట పటిక చేర్చిన హెమటాక్సిలినుతోను అద్దినచో, జొన్నదంటులో నీరు మోయు నాళములును, పైపెంకును ఎర్రబడును. అవి లిగ్నినను కట్టెపదార్థము చేరిన గోడలు. లోని మెత్తని బెండు సెల్యులోసు గోడలది, అది ఊదానీలమగును. లేతదంటులో ఎరుపు స్వల్పము, ముదిరినకొలది హెచ్చును. పశువుల కడుపు ఆ లిగ్నినును అరిగించుకొనజాలదు.

ఒకనాడు గాటిలో ఎద్దు నమలక విడిచిన దంటుమొదలును తెచ్చి నేను కోసి రంగు వేసితిని. అంచు చుట్టును దట్టముగా ఎరుపే కనబడినది.