చదరంగం గడుల్లో పుట్టిన ఇరవై అంకెల సంఖ్య

చిట్టమూరు వైపు ధాన్యం లెక్క పుట్లలో చెబుతారు. పుట్టి అంటే 850 కిలోలు. చదరంగం మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయే పాత కథను ఆ పుట్లతోనే కొలిచి చూద్దాం. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, 16 గడులకు వచ్చేది కిలో మూడొందల గ్రాములే. 26వ గడితో పుట్టిన్నర దాటుతుంది. 32 గడులకు 101 పుట్లు; పెద్ద కమతం ఉన్న రైతు పండించగలిగిన పంటే. 64 గడులూ నిండాలంటే మాత్రం సుమారు 43,400 కోట్ల పుట్లు కావాలి. ప్రపంచమంతా కలిసి ఏటా పండించే వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన ఇది 460 ఏళ్ల పంట.

గింజల సంఖ్య 18446744073709551615. అరవై నాలుగు రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ దీన్ని సరిగ్గా లెక్కగట్టాడు. మన దగ్గర ఈ సంఖ్య పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైంది. నన్నయ కాలానికి దగ్గరివాడైన మల్లన, 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెనిగించాడు. చదరంగం లెక్క ఆయన పద్యంగా చెప్పుకునే ఒక చంపకమాలలో ఉంది. చంద్రుడంటే 1, అగ్ని అంటే 3, వేదాలు 4, బాణాలు 5, కొండలు 7, ఆకాశం సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమవైపు రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ వరసగా వస్తాయి. తాటాకు మీద అంకె చెరిగితే లెక్క పోయినట్టే. పద్యంలో మాట తప్పితే గణం తప్పుతుంది, చదివేవాడు పట్టేస్తాడు. లెక్కను కాపాడడానికి ఇంతకంటే గట్టి ఉపాయం ఆ రోజుల్లో లేదని నా నమ్మకం.

ఈ సంఖ్య లోపలి సంగతి బయటపడడానికి మాత్రం యూరప్‌ దాకా వెళ్లాలి. రెండు వర్గాల భేదం సూత్రం వాడితే ఇది రెండుగా చీలుతుంది: 2³² − 1, 2³² + 1. మొదటిదాన్ని మళ్లీ చీల్చవచ్చు. అలా చీల్చుకుంటూ పోతే చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. వీటినే ఫెర్మా సంఖ్యలంటారు. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో అది నిజమే. ఆరోదాన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపించాడు. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. అంటే చదరంగపు గింజల సంఖ్య ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం. దానికి కారణాంకాలు సరిగ్గా 128.

1883లో ఫ్రెంచి గణితవేత్త లూకా, కాశీలో 64 బంగారు పళ్లేల కథ అల్లి ఇదే సంఖ్యను మళ్లీ తెచ్చాడు. ఇవాళ కంప్యూటర్‌లో 64 బిట్లతో రాయగల అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే.

ఎనిమిదో తరగతికి వర్గాల భేదం నేర్పే లెక్కల మాస్టార్లకు ఒక విన్నపం. ఆ పాఠం రోజున ఈ ఇరవై అంకెలను బోర్డు మీద విడగొట్టి చూపించండి. మల్లన పద్యాన్ని అదే రోజు తెలుగు మాస్టారి చేత చదివించండి.