ట్రాంబే శిక్షణాలయము

చదువు ముగిసిన యువకునకు ఉద్యోగమును, దానికి దగిన విద్యయు ఒక్కచోటనే యిచ్చెదమని పిలుపు వచ్చినచో దానిని ఎట్లు తూచవలెను? ఇందులకు మన దేశచరిత్రలోనే యొక నిదర్శనము గలదు.

1944 మార్చిలో హోమీ భాభా టాటా ధర్మనిధికి లేఖ వ్రాసెను. పరమాణుశక్తిచే విద్యుత్తు పుట్టునాటికి నిపుణులకై మనము పరదేశముల వంక చూడరాదని దాని సారాంశము. 1956 ఆగస్టులో ట్రాంబేయందు అప్సర రియాక్టరు పనిచేయ నారంభించెను. మరుసటి యేడే అచ్చట శిక్షణాలయము వెలసెను. పట్టభద్రులను మౌఖికపరీక్షలో ఏరి, భృతి నిచ్చి, యొక సంవత్సరము చదివించిరి. ఏల యనగా, ఒక్క శాస్త్రముతో రియాక్టరు నడవదు. భౌతికశాస్త్రజ్ఞుడు లోహముల గుణములను, ఇంజనీరు వికిరణ స్వభావమును నేర్వవలెను. ఉత్తీర్ణులకు శాస్త్రోద్యోగము లభించెడిది.

ఇట్టి పిలుపునకు రెండు వైపులు గలవు. ఒకవైపు భృతి, స్థిరమైన జీవనము. మరియొకవైపు సంస్థ యవసరమునకు కట్టుబడు యౌవనము, విడనాడిన విదేశవిద్య. భృతి యెంతయని మొదట అడుగుట తగదని నా మతము. ఇచ్చట నేర్చినది మరియొకచోట చెల్లునా యని అడుగవలెను. ట్రాంబేలో పెరిగిన ఎలక్ట్రానిక్సు విద్య అచ్చటనే నిలిచిపోలేదు. మన తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావు నాయకత్వమున 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుగా రూపొందెను.

పెద్దలు అభ్యర్థిని పరీక్షించునపుడు, అభ్యర్థియు వినయముతో ఆ సంస్థను పరీక్షింపవలెను. అమ్ముడుపోవునది ఒక దినము కాదు, కొన్ని యేండ్లు.