బ్రేకు రబ్బరు కథ

నిరుడు వానలో తాతయ్య సైకిలు తొక్కుతూ బ్రేకు వేశాను. ఆగలేదు, మోకాలు దోక్కుపోయింది. అప్పుడే బ్రేకుల చరిత్ర తెలుసుకోవాలనిపించింది.

1870లలో ఇంగ్లండులో సైకిళ్లకి ముందు చక్రం చాలా పెద్దది. చెంచాలాంటి ఇనుప బద్ద టైరునే నొక్కేది. గట్టిగా నొక్కితే మనిషి తలకిందులుగా పడేవాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండే ‘రోవర్’ని తయారుచేశాడు. అలాంటివాటిని ‘సేఫ్టీ’ సైకిళ్లన్నారు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. బద్ద నొక్కితే అది అరిగిపోదా? అందుకే క్రమంగా రిమ్మును పట్టే రబ్బరు ముక్కలు వచ్చాయి.

కానీ స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. పైగా మా రబ్బర్లు బాగా అరిగిపోయాయి. తాతయ్య కొత్తవి వేయించారు. అయినా, “వానలో నెమ్మదిగా పోరా, బ్రేకు ముందే పట్టు” అంటారు. ఇప్పుడు ప్రతి ఆదివారం రబ్బర్లు చూసేది నేనే.