శిక్ష, శిక్షణ: సీమ బడుల్లో దండన చరిత్ర

సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. ఉచ్చారణ నేర్పే వేదాంగానికి అదే పేరు. ఉత్తరాదిన నేటికీ చదువును శిక్ష అనే అంటారు. తెలుగులో మాత్రం ఆ మాటకు దండన అనే అర్థమే స్థిరపడింది. నేర్పడమనే అర్థం "శిక్షణ"కు మిగిలింది. నంద్యాలలో డిగ్రీ తరగతికి అర్థవిపరిణామం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ మాటతోనే మొదలుపెడతాను. ఉదాహరణలు విద్యార్థులే ఇస్తారు: గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. వీటిలో ఏదీ ఎరగకుండా కాలేజీ దాకా వచ్చినవారు అరుదు.

దీనికంతటికీ మాస్టర్ల కోపస్వభావమే కారణమనడం తేలిక. కాని చరిత్ర ఆ మాటను సమర్థించదు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల స్థితిని విచారించమని కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటికి నంద్యాల ప్రాంతం కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉంది. 1839లోగాని కంపెనీ చేతికి రాలేదు. అందుచేత మనకు దగ్గరి సాక్ష్యం పొరుగునున్న బళ్లారి జిల్లాది. అక్కడి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చారు. అందులో ఆడపిల్లలు 60 మంది. వెయ్యి మందిలో ఏడుగురికైనా చదువు లేదని ఆయనే రాశాడు.

ఆ నివేదికలో ఒక ఆచారం వర్ణించబడింది. పొద్దున్నే బడికి మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండవవాడికి సున్న. మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు. ఆపైన వచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఎక్కువ. సోమరి అనిపించుకున్నవాణ్ణి రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీయడమూ ఉన్నది. మన పెద్దలు కోదండం అన్నది దీనినే.

ఈ నియమం పైకి అందరికీ సమానంగానే కనిపిస్తుంది. కాని పరిశీలించి చూడండి. పిల్లలందరూ తెల్లవారకముందే వచ్చినా, ఆఖరున వచ్చినవాడు ఎవడో ఒకడు ఉండితీరాలి. వాడికి దెబ్బలు తప్పవు. అంటే ఇక్కడ దండన పడుతున్నది ఆలస్యానికి కాదు, వరసలో వెనకబడినందుకు. వరసలో వెనకబడేది ఎవరు? పేడ ఎత్తి, నీళ్లు మోసి, గొడ్లను తోలి రావలసినవాడు. ఇంట్లో పనిచేసే మనిషి ఉన్నవాడికి సరస్వతి, తానే పనిమనిషి అయినవాడికి బెత్తం. అన్యాయం ఎవరి మనసులోనూ ఉండనక్కరలేదు, నియమంలోనే ఉన్నది.

ఆ వరసలో నిలబడే హక్కయినా లేనివారి సంగతి వేరు. పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో ఆళ్లగడ్డకు దాపునున్న ముత్యాలపాడులోనూ, నంద్యాలలోనూ ఎస్.పి.జి. మిషనరీలు బడులు పెట్టినప్పుడు మాలపల్లెకు అక్షరం చేరింది. ఊరిబడి తలుపు తెరుచుకున్నందువల్ల కాదు, వేరే బడి వెలిసినందువల్ల.

బెత్తాన్ని సూటిగా ప్రశ్నించిన తెలుగు రచయితల్లో చలం ముఖ్యుడు. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా బడులను లోపలి నుంచి చూసినవాడు. ఆయన "బిడ్డల శిక్షణ" పిల్లలు పెద్దల ఆస్తి కారనీ, భయం చదువు చెప్పలేదనీ వాదించింది. కాని చలం చూపు ప్రధానంగా ఇంటిమీద, మధ్యతరగతి బిడ్డమీద నిలిచింది. కూలివాని బిడ్డను బడి ఎందుకు నిలుపుకోలేకపోతున్నదనే ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నను చేపట్టిన విద్యావేత్త శాంతా సిన్హా. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆమె, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని ప్రారంభించారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆమె సూత్రం. పేదరికంవల్లనే పిల్లలు బడి మానేస్తున్నారనే వాదాన్ని ఆమె ఒప్పుకోలేదు. బడి తీరే వాళ్లను బయటికి నెడుతున్నదన్నారు. పనిలోంచి వచ్చిన పిల్లలను శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. పన్నెండేళ్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టి అవమానించే పద్ధతికి ఇది సమాధానం. ప్రభుత్వ ఉపాధ్యాయులే 1997లో బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనిలోకి వచ్చారు.

దీని విలువ మన ప్రాంతంవారికి వేరే చెప్పనక్కరలేదు. కర్నూలు జిల్లా సంకర పత్తి విత్తనానికి పెట్టింది పేరు. ఆ చేలల్లో సాయంత్రం మొగ్గ వలిచి కేసరాలు తీయాలి. మర్నాడు పొద్దున ఒక్కొక్క పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆ పని ఎక్కువగా ఆడపిల్లల చేతులమీద నడిచింది. పుప్పొడి అద్దే వేళా, బడిగంట కొట్టే వేళా ఒక్కటే. చేనినుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లను నిలబెట్టి తిట్టే బడి, ఆమెను తిరిగి చేనికే పంపుతుంది. 1823 నాటి దెబ్బల లెక్క అక్కడ ఇంకా సాగుతూనే ఉన్నది.

చట్టాలు వచ్చాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో దేహదండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను మానసిక వేధింపును కూడా చేర్చింది. 2007లో శాంతా సిన్హా తొలి అధ్యక్షురాలుగా ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలను విచారిస్తే, ఏ దండనా ఎరగమన్నవారు తొమ్మండుగురే. 2012లో కమిషన్ మార్గదర్శకాలు వెలువరించి, దండనకు బదులు పిల్లలతో సానుకూలంగా మెలగడమెట్లాగో వివరించింది.

బెత్తం తీసేస్తే దాని స్థానంలో ఏం రావాలి? ఏం జరిగింది, ఎవరికి నష్టం కలిగింది, దాన్ని ఎట్లా సరిదిద్దుదామని అందరినీ కూర్చోబెట్టి అడిగే పద్ధతి రావాలని నేటి విద్యావేత్తలు అంటున్నారు. మంచిదే. అయితే ఆళ్లగడ్డ సీమలో ఈ మాట జాగ్రత్తగా పలకాలి. ఇక్కడ ముఠాకక్షలు చూసినవాళ్లకు "రాజీ" అంటే తెలుసు: బలవంతుడి అరుగుమీద బలహీనుడు తలవంచడం. పెద్దింటి కుర్రవాడు కులం పేరెత్తి తిడితే, తిట్లు తిన్నవాడి చేత "పోనీలెండి సార్" అనిపించడం దిద్దుబాటు కాదు, రాజీ. సమానత్వం ముందు నిలబడితేనే దిద్దుబాటు న్యాయమవుతుంది. అక్కడ ఉపాధ్యాయుడు కూడా జవాబు చెప్పవలసినవాడే.

ఒక్క మాస్టరు మూడు తరగతులను కాచే బడిలో ఇదెట్లా సాధ్యమని నా మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉత్తరువు పంపి ఉపాధ్యాయుణ్ణి పంపని ప్రభుత్వానిదే ఆ తప్పు. కనుక చాలినంత మంది ఉపాధ్యాయుల కోసం చేసే పోరాటం, బెత్తానికి వ్యతిరేకంగా చేసే పోరాటం వేరు వేరు కావు. మన ఉపాధ్యాయ సంఘాలు జీతభత్యాలకోసం చూపిన పట్టుదలలో కొంతైనా ఇటు చూపాలి. రేపు పొద్దున ఆలస్యంగా వచ్చిన పిల్లను ముందుగా, ఎక్కడినుంచి వస్తున్నావమ్మా అని అడగడానికి మాత్రం ఏ ఉత్తరువూ అవసరం లేదు.