స్మోక్ ఆన్ ది వాటర్ (పాట)

ఇంగ్లండుకు చెందిన రాక్ బృందం డీప్ పర్పుల్ 1971 డిసెంబరులో స్విట్జర్లాండులోని మాంట్రూ పట్టణంలో రికార్డు చేసిన పాట. శీర్షికకు ‘నీటి మీద పొగ’ అని అర్థం. 1972 మార్చిలో వెలువడిన ‘మెషిన్ హెడ్’ ఆల్బమ్‌లోనిది. పాడినవారు ఇయాన్ గిల్లన్. గిటార్ రిచీ బ్లాక్‌మోర్, బేస్ గిటార్ రోజర్ గ్లోవర్, ఆర్గన్ జాన్ లార్డ్, డ్రమ్స్ ఇయాన్ పేస్. కర్తృత్వం ఐదుగురి పేరిటా ఉంది.

బృందం 1968లో ఏర్పడింది. మరుసటి ఏడాది గిల్లన్, గ్లోవర్ వచ్చి చేరాక హార్డ్ రాక్ బాట పట్టింది.

కచేరీలో పలికే జోరు స్టూడియో గదుల్లో రావడం లేదని భావించి, జెనీవా సరస్సు ఒడ్డునున్న మాంట్రూ క్యాసినో హాలులో కొత్త ఆల్బమ్ చేయాలని వారు తలపెట్టారు. రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన సంచార స్టూడియో ట్రక్కును అద్దెకు తెచ్చుకున్నారు. 1971 డిసెంబరు 4న ఆ హాలులో ఫ్రాంక్ జాపా కచేరీ. అది ముగిస్తే చలికాలానికి క్యాసినో మూతపడి, హాలు వీరి చేతికి వస్తుంది. కచేరీ మధ్యలో ప్రేక్షకుల్లో ఒకరు ఫ్లేర్ తుపాకీ పేల్చారు. పేము కప్పిన పైకప్పుకు నిప్పంటుకుంది. మాంట్రూ జాజ్ ఉత్సవ నిర్వాహకుడు క్లాడ్ నాబ్స్ లోపల చిక్కుకున్నవారిని బయటికి చేర్చారు. ఎవరూ చనిపోలేదు గాని భవనమూ, జాపా బృందం వాయిద్యాలూ బూడిదయ్యాయి. సరస్సు మీద పరుచుకున్న పొగను డీప్ పర్పుల్ సభ్యులు హోటలు నుంచి చూశారు. కొద్దిరోజులకు ఒక ఉదయం గ్లోవర్ నోట నిద్రమత్తులోనే ఈ శీర్షిక వెలువడింది.

అయితే మాటలకంటే బాణీ ముందు పుట్టింది. నాబ్స్ చూపించిన పెవిలియన్ అనే నాటకశాలలో, పేరైనా లేని ఒక బాణీకి వాద్యభాగం రికార్డు చేశారు. రాత్రివేళ ఆ హోరుకు ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయగా పోలీసులు వచ్చారు. రికార్డింగు పూర్తయ్యేదాకా వారు లోపలికి రాకుండా సహాయకులు తలుపులు నెట్టిపట్టుకున్నారు. ఆ తర్వాత బృందం శీతకాలానికి మూసి ఉన్న గ్రాండ్ హోటల్‌కు మారింది. నడవాల్లో పరుపులు అడ్డంపెట్టి ధ్వనిని అదుపు చేశారు. ట్రక్కు దాకా వెళ్లి విని రావాలంటే గదులూ బాల్కనీలూ దాటాలి. ఆ శ్రమకు విసిగి, వాయించింది వెంటనే వినడమే మానేశారు. ఇంజనీరు మార్టిన్ బర్చ్. ఆల్బమ్ నిడివి చాలకపోవడంతో పెవిలియన్ బాణీని వెలికితీసి, అగ్నిప్రమాదం కథనే సాహిత్యంగా కూర్చారు. జాపా, క్లాడ్, ట్రక్కు, హోటలు అన్నీ అందులో ఉన్నాయి. కల్పన దాదాపు లేని వృత్తాంత గీతమిది.

పాటకు ప్రాణం ఆరంభంలో వచ్చే గిటార్ పలుకు, అంటే రిఫ్. జి మైనర్‌లో, బ్లూస్ స్వరాలతో అల్లిన అత్యంత పొదుపైన రచన అది. ఉన్నవి నాలుగే స్వరాలు. ప్రతి స్వరానికీ షడ్జమ–శుద్ధమధ్యమాల ఎడంలోని మరో స్వరాన్ని జోడించి, బ్లాక్‌మోర్ రెండు తీగలనూ ప్లెక్ట్రమ్ లేకుండా వేళ్లతో ఒకేసారి మీటారు. గిటార్ ఒంటరిగా మొదలవుతుంది, పిదప హై-హ్యాట్ తాళాలు, హామండ్ ఆర్గన్, మిగతా డ్రమ్స్, బేస్ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరతాయి, గొంతు ఆ తర్వాతే వినిపిస్తుంది. లార్డ్ తన ఆర్గన్‌ను గిటార్‌కు వాడే మార్షల్ ఆంప్లిఫయర్ గుండా పలికించడంతో ఆ రెండు నాదాలనూ విడదీసి వినడం కష్టం.

ఆల్బమ్ నుంచి బృందం తొలి సింగిల్‌గా ఎంచుకున్నది దీన్ని కాదు, ‘నెవర్ బిఫోర్’ను. ‘స్మోక్ ఆన్ ది వాటర్’ 1973లో సింగిల్‌గా వచ్చి అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో 4వ స్థానానికి చేరింది. 1972 ఆగస్టు జపాన్ కచేరీల నుంచి తీసిన ‘మేడ్ ఇన్ జపాన్’లోని రూపాన్ని మెచ్చేవారూ ఎందరో.

1976లో బృందం విడిపోయి, 1984లో మళ్లీ కలిసింది. 1988 నాటి ఆర్మేనియా భూకంప బాధితుల సహాయార్థం పలువురు రాక్ కళాకారులు ఈ పాటను తిరిగి రికార్డు చేశారు. కాలిపోయిన క్యాసినోను 1975లో పునర్నిర్మించారు. మాంట్రూలో సరస్సు గట్టున, ఈ రిఫ్ స్వరలిపితో కూడిన స్మారక శిల్పం ఉంది.